వెనక గేటు దగ్గర ప్యాకప్

పట్టపగలు, నడి మైదానంలో, అంతమంది పిల్లలు చూస్తుండగా ఎలుగుబంటి కూలబడింది. పిల్లలు పకపకా నవ్వారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. వాళ్ళననేదేముంది, నవ్వడానికే వచ్చారు. వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు.

ఎలుగుబంటి తోలు లోపల ఉన్నది శౌరి అని అక్కడ పనిచేసే వాళ్ళకు మాత్రమే తెలుసు. కౌసల్యకు ఇంకో సంగతి కూడా తెలుసు. శౌరికి మొన్నటి నుంచి ఒళ్ళు కాలిపోతోంది. పొద్దున సూటు తొడుక్కునేటప్పుడే గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఫిలింనగర్ గుట్టకు వెనక వైపు, జూబ్లీహిల్స్ బంగళాలకూ షేక్‌పేట ఇళ్ళకూ నడుమ ఉంటుంది ఆ వెండిలోకం పార్కు. అట్టలతో, ప్లాస్టర్‌తో కట్టిన రాజకోట, ఉత్తుత్తి పల్లెటూరు, గిర్రున తిరిగే రథాలు. శనివారం వస్తే చాలు, హైటెక్ సిటీ నుంచి ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సుల కొద్దీ కుటుంబాలను దింపేది. వాళ్ళ ముందు రాజుగారి ఊరేగింపు జరిగేది. ఊరేగింపుకు రాజు ఒక్కడే, జనం మాత్రం నలభై మంది కావాలి. కౌసల్య ఆ జనంలో ముందు వరస మనిషి. అంతకు ముందు ఇరవై ఏళ్ళు సినిమాల్లోనూ ఆమె చేసింది అదే. సంతలో నడిచింది, పెళ్ళిళ్ళలో కూర్చుంది, శవాల చుట్టూ ఏడ్చింది. ఆమె ముఖం మీకూ తెలుసు, పేరే తెలియదు.

కాంట్రాక్టరు వెంకటేశ్వరరావు పరిగెత్తుకుంటూ వచ్చాడు. కృష్ణానగర్‌లో షూటింగులకు జనాన్ని తోలిన ఏజెంటు అతను, ఇప్పుడు పార్కుకు తోలుతున్నాడు. శౌరిని కోట గోడ వెనక్కి ఈడ్పించాడు.

"సూటు జాగ్రత్త. జిప్పు తెగుద్ది. మెల్లగా లాగండి" అన్నాడు.

సూటును మెల్లగానే లాగారు. మనిషిని నేల మీద పడేశారు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయి, నోరు తెరిచి ఎగపోసుకుంటున్నాడు శౌరి. ఆ పార్కులో ఎలుగు సూటు ఒక్కటే. ఇద్దరు మనుషులు వంతులేసుకుని అందులో దూరతారు. ఒకడి చెమట ఆరకముందే ఇంకొకడు దూరాలి. రెండో మనిషి లక్ష్మయ్య. రావు అతనికి సూటు చూపించాడు.

"ఎక్కు."

లక్ష్మయ్య లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. "అంతా తడిగున్నది సార్. శౌరన్నకు జరం."

"కంపెనీ వాళ్ళు ఎలుగేదని అడుగుతున్నారు. ఎక్కవయ్యా, టైము లేదు."

లక్ష్మయ్య కళ్ళు మూసుకుని ఎక్కాడు. కౌసల్య కాగితప్పూల బుట్ట పట్టుకుని అంతా చూస్తూ నిలబడింది. అడగొచ్చుగా అంటారు ఈ కథ వింటున్న మీరు. కాలేజీలో కూర్చుని అనడం తేలిక తమ్ముళ్ళారా. జనంలో నిలబడే మనిషి చెప్పినప్పుడు అరవాలి, చెప్పనప్పుడు నోరు మూసుకోవాలి. చెప్పకుండా నోరు తెరిచిన మనిషి మర్నాడు షూటింగు బస్సెక్కదు. ఇరవై ఏళ్ళు మూసుకున్న నోరు అది.

ఆ సాయంత్రమే కరోనా అని సర్కారు ఉత్తర్వు వచ్చింది. సినిమా హాళ్ళు, పార్కులు, అన్నీ బంద్. ముందు గేటు దగ్గర కుటుంబాల చేతుల్లో మందు నీళ్ళు పోసి, క్షమించమని చెప్పి, సాగనంపారు. వెనక గేటు దగ్గర ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వెనక గేటు లోపల, కోట గోడ చాటున, రేకుల షెడ్లుంటాయి. జనం ఉండేది అక్కడే. రెండేళ్ళ కింద రావే వాళ్ళ చేత కృష్ణానగర్ గదులు ఖాళీ చేయించి ఇక్కడికి తెచ్చాడు. కిరాయి బాధ లేదు, పని కాళ్ళ దగ్గరే అన్నాడు. పొద్దున్నే లేచిందే తడవు వేషం కట్టొచ్చని అతని లెక్క. వాళ్ళు మాత్రం ఇల్లు దొరికిందనుకున్నారు. శౌరి భార్య సారా గుమ్మం పక్కన డబ్బాలో గుంటూరు నుంచి తెచ్చిన మల్లె అంటు కూడా నాటుకుంది.

శౌరి దగ్గు ఆగలేదు. షెడ్లో దగ్గితే గుట్ట మీది బంగళాలకు వినబడదు. కానీ ఫోన్లలో పుకారై వినబడింది. పార్కు వాళ్ళకు వచ్చిందట, వాళ్ళ వల్ల కాలనీ అంతటికీ వస్తుందట. రోగం విమానమెక్కి వచ్చింది. సెంటు పూసుకున్న చేతులతో ఎలుగును కావలించుకుని ఫోటో దిగింది. షెడ్డు దాకా వచ్చేసరికి అది కూలోళ్ళ రోగమైపోయింది. చూశారా దాని తెలివి.

మేనేజరు కమలాకర్ మాస్కు మీద మాస్కు వేసుకుని దూరం నుంచే చెప్పాడు. "సోమవారం మార్నింగ్ కల్లా షెడ్లు వేకేట్ చేయాలి. సేఫ్టీ ఇష్యూ."

కౌసల్య, సారా గది వెతకడానికి షేక్‌పేట పాత ఊళ్ళోకి పోయారు. పాలు పోసే అనసూయమ్మ ఇంట్లో వెనక గది ఖాళీగా ఉందని కౌసల్యకు తెలుసు. రోజూ ముచ్చట పెట్టే మనిషి. ఆ రోజు జాలీ తలుపు తీయలేదు.

"తప్పుగ అనుకోకు బిడ్డా. ఇంట్ల ముసలాయన ఉన్నడు. మీ పార్కుల వచ్చిందంటున్నరు గద. జర దూరం నిలవడు."

"మాకేం రాలేదు అనసూయమ్మా. గీమె మొగనికి ఉత్త జరమే."

అనసూయమ్మ లోపలికి పోయి, నీళ్ళ సీసా తెచ్చి మెట్టు మీద పెట్టి, మళ్ళీ జాలీ వెనక్కి పోయింది. "ఎండల వచ్చిన్రు, తాగున్రి. సీసా మల్ల ఇయ్యకున్రి, మీరే ఉంచుకోండ్రి" అంది. ఆ ముసలమ్మ కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. భయపెట్టినవాళ్ళు ఆమెనూ భయపెట్టారు. అలా ఇంకో నాలుగైదు గుమ్మాలు చూసి, సీసా పట్టుకుని తిరిగొచ్చారు.

ఆదివారం సాయంత్రం షెడ్ల ముందు అందరూ చేరారు. ముందుగా మాట్లాడింది జంగయ్య. ఊరేగింపులో డప్పు కొట్టే ముసలాయన. సినిమా మనిషి కాదు, పాత ఫ్యాక్టరీ మనిషి.

"మా ఫ్యాక్టరీ మూసిన్నాడు మేం తలో దిక్కు పోయినం. ఒక్కసారి చెదిరినోల్లం మల్ల ఒక్కకాడ కలువలే. గదే మేం చేసిన తప్పు. గీడ గట్ల కావద్దు. రేపు గేటుకడ్డం కూసుందాం. లేవద్దు."

"కూసుంటే ఏమొస్తది తాతా?" అంది కౌసల్య. "రేపు పార్కు తెరిస్తే మనల్ని పిలుస్తరా? రావు సారు ఒక్క ఫోన్ కొడితే కృష్ణానగర్‌ల గుడ మనకు పని పుట్టది."

"పోతే ఏడికి పోతవు?"

సారా లేచి నిలబడింది. ఎప్పుడూ పైకి మాట్లాడే మనిషి కాదు.

"పని సంగతి తర్వాత అక్కా. మా ఆయన్ని ఎక్కడ పడుకోబెట్టమంటారో అది చెప్పండి. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, విదేశం నుంచి వచ్చారా అని అడిగి పెట్టేస్తున్నారు. రోడ్డు మీద పడుకోబెట్టనా?"

"నేను కూసుంట" అన్నాడు లక్ష్మయ్య. "గా సూటు తడి ఇంకా నా ఒంటి మీదనే ఉన్నట్టున్నది. ఎక్కమంటె ఎక్కిన. రేపు దిగమంటె దిగ."

అప్పుడే గుట్ట మీద బాల్కనీల్లో చప్పట్లు మొదలయ్యాయి. పళ్ళేలు, గంటలు, శంఖాలు. గుట్టంతా మోగిపోయింది. చప్పట్లు చెవినపడగానే కౌసల్య నడుం దానంతటదే వంగింది. షో అయ్యాక వంగి దండం పెట్టే అలవాటు.

"మనకు గాదు తియ్ బిడ్డా. డాక్టర్లకట" అన్నాడు జంగయ్య.

అందరూ నవ్వారు, కౌసల్య కూడా నవ్వింది. ఆ నవ్వులో ఎవరూ ఒక సంగతి పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే మర్నాడు అలా జరిగేది కాదు.

మర్నాడు పొద్దున, వద్దన్న కౌసల్యతో సహా అందరూ గేటు లోపల నేల మీద బైఠాయించారు. శౌరి దగ్గర సారా షెడ్లో ఉండిపోయింది. కమలాకర్ సెక్యూరిటీ గార్డులను వెంటేసుకుని వచ్చాడు.

"చూడండమ్మా, ఇది మేనేజ్‌మెంట్ డెసిషన్. నా చేతిలో ఏమీ లేదు. రెసిడెంట్స్ నుంచి రోజూ కాల్స్."

"ఎవల చేతిల ఉన్నదో ఆయన్నే రమ్మను సారూ. మేం ఏడికి పోతలేం" అన్నాడు జంగయ్య, డప్పు మీద ఒక దెబ్బ వేసి.

షెడ్లు ఖాళీ చెయ్యం అని కౌసల్య అరిచింది. వెనక నలభై గొంతులు అందుకున్నాయి. అరవడం వాళ్ళకు కొత్తా ఏమన్నానా? కానీ ఇన్నేళ్ళూ రాజుకు జై అనమంటే అన్నారు, హీరో దిగితే ఈలలు వేయమంటే వేశారు. తన మాట తను అరవడం కౌసల్యకు అదే మొదలు. ఒళ్ళు ఝల్లుమంది. భయం ఎటు పోయిందో పోయింది. గార్డులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళూ కాంట్రాక్టు కూలీలే, కర్ర ఎత్తలేదు. కమలాకర్ పక్కకు పోయి ఫోన్ అందుకున్నాడు.

అప్పుడు వచ్చాడు రావు. తిట్టలేదు, బెదిరించలేదు. ఊరేగింపు మైకు తెప్పించుకున్నాడు. తలపంకిస్తూ కాసేపు ఆ గుంపును చూశాడు, షాటు చూసినట్టు.

"ఆఁ, బాగుంది. చాలా బాగా వచ్చింది" అన్నాడు మైకులో. "ప్యాకప్."

కౌసల్య లేచింది.

ఆమెతోపాటు ముందు వరస లేచింది. ముందు వరస లేస్తే వెనక వరసలు లేవాలి. బట్టలు దులుపుకున్నారు. కొందరు పక్కవాళ్ళకు చెయ్యిచ్చి లేపారు. వరస తప్పకుండా గేటు వైపు నడిచారు. ఇవాళ్టికి షూటింగు అయిపోయిందని చెప్పే ఆ మాట సినిమా జనానికి ఎలాంటిదో ఎండలో నిలబడనివాళ్ళకు తెలియదు. ఆ మాట వింటే టీ వస్తుంది, బస్సు వస్తుంది, కాళ్ళు చాపుకోవచ్చు. ఇరవై ఏళ్ళుగా ఆ ఒళ్ళు ఆ మాటకు ఎదురుచూసింది. మనసు వద్దనే లోపలే కాళ్ళు గేటు దాటేశాయి. కౌసల్య టీ గ్లాసు కోసం చెయ్యి చాపింది కూడా. ఎదురుగా షేక్‌పేట రోడ్డు ఉంది. వెనక గేటు మూసుకున్న చప్పుడైంది.

లోపల జంగయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అతనికి ఆ అలవాటు లేదు. "కూసోండ్రి, ఏడికి పోతున్రు, కూసోండ్రి" అని కేకలు వేస్తున్నాడు. గార్డులు అతన్ని డప్పుతో సహా ఎత్తి బయట పెట్టారు.

కాసేపటికి అంబులెన్సు వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరు పిలిచినా రానిది, మేనేజరు పిలిస్తే వచ్చింది. తెల్లటి సంచుల్లాంటి బట్టలేసుకున్నవాళ్ళు శౌరిని ఎక్కించారు. సారాను ఎక్కనివ్వలేదు, గేటు బయట వదిలేశారు. కిటికీ లోంచి శౌరి వీళ్ళను చూశాడు. అందరూ బయట ఎందుకున్నారో అతనికి అర్థమైనట్టు లేదు. కౌసల్య మలుపు దాకా బండి వెంట పరిగెత్తింది. ఏం చేద్దామని పరిగెత్తిందో అడక్కండి.

మర్నాడు అర్ధరాత్రి నుంచి దేశమంతా తాళం పడింది. కడుతున్న షేక్‌పేట ఫ్లైఓవర్ కింద పిల్లర్ల నీడన చేరారు. పోలీసులు ఒక పిల్లరు కింది నుంచి తరిమితే ఇంకో పిల్లరు కిందికి పోయారు. కారుల్లో కొందరు వచ్చి అన్నం పొట్లాలు దూరంగా నేల మీద పెట్టి పోయేవాళ్ళు. టోలిచౌకి నుంచి ఒక హోటలాయన మాత్రం దగ్గరికొచ్చి చేతికిచ్చాడు. ఆ ఒక్క చెయ్యి గుర్తుంది వాళ్ళకు.

జంగయ్య కౌసల్యతో చాలా రోజులు మాట్లాడలేదు. ఒకనాడు తనే అన్నాడు.

"లాఠీ లేదు, తుపాకి లేదు. ఒక్క మాటకు లేసిన్రు."

"నేను లేవలే తాతా. నా కాళ్ళు లేసినయి."

"కాళ్ళు నీయి గావా?"

ఆమె మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఎన్నో శవాల దగ్గర ఏడ్చిన మనిషి, తన కోసం ఏడవడం రాక వెక్కిళ్ళు పెట్టింది.

తర్వాత ఆస్పత్రి నుంచి లక్ష్మయ్య ఫోనుకు కబురొచ్చింది. శౌరి పోయాడు. శవాన్ని ఇవ్వరు, అంతా వాళ్ళే చూసుకుంటారు. పాస్టరు గారు ఫోన్లోనే ప్రార్థన చేశారు. సిగ్నలు సగంలో పోయింది. సారా ఫోను చెవి నుంచి తీయలేదు, అలాగే పట్టుకుని కూర్చుంది.

పొద్దెక్కాక అంది. "ముఖం చూడలేదు. మట్టి వెయ్యలేదు. ఆయన పడుకున్న చోట ఒక్కసారి కూర్చుని ప్రార్థన చేసుకుంటాను అక్కా. ఆయన బైబిలు అక్కడే ఉంది."

కౌసల్య ఆమెను వెంటబెట్టుకుని వెనక గేటుకు పోయింది. గార్డు ముఖం తిప్పుకున్నాడు.

"తాళం తియ్యొద్దన్నరమ్మా. అయినా లోపల ఏం లేదు. మీ బట్టలు, చాపలు, పుస్తకాలు అన్ని కాలవెట్టిన్రు. రోగమని."

"బైబిలు కూడానా?" అంది సారా.

గేటు ఊచల్లోంచి కౌసల్య లోపలికి చూసింది. షెడ్ల ముందు నల్లటి బూడిద గుట్ట. దాని పక్కనే, తాడు మీద, ఎండలో, ఎలుగుబంటి సూటు ఆరేసి ఉంది. శుభ్రంగా ఉతికారు. బొచ్చు దువ్వారు. జిప్పు కూడా కొత్తది వేశారు. శౌరి చొక్కాను కాల్చినవాళ్ళు శౌరి కూలబడిన తోలును దాచుకున్నారు.

కౌసల్య పిల్లర్ల కిందికొచ్చి అందరినీ కూర్చోబెట్టింది. చూసింది చూసినట్టు చెప్పింది. లక్ష్మయ్య తన చేతులను ప్యాంటుకేసి రుద్దుకున్నాడు.

"రేపు పోయి గేటు కాడ కూసుందాం" అంది కౌసల్య. "సారా లోపలికి పోవాలె. మన షెడ్లు మనకు తెరవాలె."

"మల్ల గా మాట అంటడు" అన్నాడు లక్ష్మయ్య. "అంటె ఏం జేస్తం?"

అందరికీ ఉన్న భయం అదొక్కటే. పోలీసుకు కాదు, రోగానికి కాదు, వాళ్ళ సొంత కాళ్ళకే భయపడ్డారు.

"నా కాళ్ళు మల్ల లేస్తయి, నాకెర్కే" అంది కౌసల్య. "అందుకే నన్ను కట్టెయ్యండ్రి." తన కొంగు తీసి లక్ష్మయ్య తువ్వాలకు ముడేసింది. "ఒకల్లు లేస్తె పక్కోల్లు గుంజాలె. ఇద్దరు లేస్తె వరసంత గుంజాలె."

జంగయ్య ఆ ముడి లాగి చూశాడు. "ఫ్యాక్టరీల మాకు గిది తోచలే" అన్నాడు మెల్లగా.

మర్నాడు ఎండ ముదరకముందే గేటు బయట వరసలు కట్టి కూర్చున్నారు. కొంగుకు తువ్వాల, తువ్వాలకు చున్నీ, చున్నీకి లుంగీ. షెడ్లోంచి వచ్చేటప్పుడు భుజాన వేసుకొచ్చిన శౌరి తువ్వాల ఒక్కటే సారా చేతిలో ఉంది. ఆమె దాని ఒక కొసను గేటు ఊచకు ముడేసి, రెండో కొసను కౌసల్య కొంగుకు కట్టింది. ఆ వేళకు పోలీసు వ్యానొచ్చింది.

"ఏంది ఇది? దూరం దూరం ఉండాలని తెల్వదా?" అన్నాడు ఎస్సై.

"దూరమే ఉన్నం సార్. తువ్వాల నిడివి ఉన్నది, చూసుకో" అన్నాడు జంగయ్య.

గేటు లోపల రావు కనబడ్డాడు. పక్కన కమలాకర్. రావు ఎస్సైకి చెయ్యి చూపించి, నాకొదిలేయండి అన్నట్టు తల ఊపాడు. మైకు అందుకున్నాడు. మాస్కు కిందికి లాగాడు.

"చాలా బాగా చేశారమ్మా. ప్యాకప్."

కౌసల్య మోకాళ్ళు లేచాయి. ఎంత బిగపట్టినా లేచాయి. నేల విడిచి ఇంత ఎత్తు లేచింది. అటు శౌరి తువ్వాల, ఇటు లక్ష్మయ్య తువ్వాల బిగుసుకుని ఆమెను కిందికి లాగాయి. పిర్రలు నేలకు కొట్టుకున్నాయి. వరస పొడవునా అదే తంతు. లేచినవాళ్ళను కూర్చున్నవాళ్ళు గుంజారు, గుంజినవాళ్ళు తాము లేవబోతే ఇంకొకరు గుంజారు.

"ప్యాకప్" అన్నాడు మళ్ళీ రావు. ఈసారి లేచింది కొందరే.

"ప్యాకప్ అంటుంటే వినబడటం లేదా?"

ఎవరూ కదల్లేదు. కౌసల్య తన కాళ్ళ వైపు చూసుకుంది. అవి నేల మీదే ఉన్నాయి. ఎవరి కాళ్ళనో చూసినట్టు చూసింది. తర్వాత తలెత్తింది.

"మా శౌరన్నను తోల్కొచ్చి చెప్పున్రి సారూ గా మాట. అప్పుడు లేస్తం."

రావు మైకు దించాడు. కమలాకర్ ఎస్సై వైపు చూశాడు. లాక్‌డౌన్ ధిక్కరించినందుకు అరెస్టు అన్నాడు ఎస్సై. కానిస్టేబుళ్ళు కౌసల్యను రెక్కలు పట్టి ఎత్తితే వరసంతా కదిలింది, గేటు గడగడలాడింది. అంతమందిని ఒక్క ముద్దగా వ్యాన్లోకి ఎక్కించడం వాళ్ళ తరం కాలేదు. కడకు ఎవరో కత్తెర తెచ్చారు. ముడులు విప్పే ఓపిక లేక, గుడ్డలను మధ్యకు కత్తిరించారు. కౌసల్యను, లక్ష్మయ్యను, జంగయ్యను, ముందు వరసలో దొరికినవాళ్ళను వ్యాన్లో కుక్కారు. జంగయ్య డప్పు రోడ్డు మీదే ఉండిపోయింది. షెడ్లు తెరవలేదు. సారాకు బైబిలు దొరకలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, గెలిచారని మీకు అబద్ధం చెప్పను.

వ్యాను కదిలింది. కౌసల్య కొంగున శౌరి తువ్వాల ముక్క ఒకటి ముడితో సహా వేలాడుతోంది. జాలీలోంచి వెనక్కి చూసింది. మిగిలినవాళ్ళు లేచిపోయి ఉంటారనుకుంది. లేవలేదు. గేటుకు మిగిలిన తువ్వాల కొసను సారా తన కొంగుకు కట్టుకుంటోంది. వెనక వరసవాళ్ళు ముందుకు జరిగి తెగిన గుడ్డలను మళ్ళీ ముడేస్తున్నారు. కత్తిరించడంతో అవి పొట్టివైపోయాయి. అందుకని వాళ్ళు ఇంతకు ముందు కన్నా దగ్గరగా జరిగి, భుజం భుజం ఆనించుకుని కూర్చుంటున్నారు. దూరం, దూరం అని ఎస్సై అరుస్తూనే ఉన్నాడు.